జగ్గమ్మకు బదులు తట్ట

ఓర్పు లేనివారికి ఏ మందూ పనిచెయ్యదన్నది బరంపురంలోని ఆ ఆసుపత్రి మూల సిద్ధాంతం. అందుకే అక్కడ ప్రతి మందుకూ ముందు మూడు గంటల వరుస ఇస్తారు. (వరుస ఉచితం.)

జగ్గమ్మకు కావలసింది మూత్రసంచి మాటిమాటికీ బిగుసుకోకుండా సడలించే మాత్ర. డాక్టరు రాసిచ్చారు. అరగంటకోసారి పరుగెత్తాల్సి రావడంతో ఆమె పొలసర బస్సెక్కి నెల దాటింది. బస్సెక్కకపోతే ఎండుచేపల బేరం లేదు. అడిగితే కండక్టరు ఒకసారి ఆపుతాడు, రెండోసారి దింపేస్తాడు.

మాత్రలిచ్చే కిటికీ పక్కన బోర్డుంది: "వరుస వదిలినవారి టోకెన్ రద్దు." మూత్ర సమస్యలవారికీ ఇదే నిబంధన. జబ్బును బట్టి పక్షపాతం చూపడం ఆసుపత్రి విధానం కాదు.

ఇరవై నిమిషాలకే జగ్గమ్మకు తొందర పుట్టింది. తీరాన చేపల వేలం దగ్గర ఆడవాళ్లు చేసేదే ఆమె చేసింది. తన తట్టను తన చోట పెట్టి, టోకెన్ దాని అంచున దోపింది. తీరంలో తట్ట ఉంటే మనిషి ఉన్నట్టే, ఎవరూ జరపరు.

"తమ్ముడూ, కూసింత సూస్తుండు," అంది వెనకున్న తవిటయ్యతో.

"ఎల్లు అప్పా, ఎల్లు. ఏటుంది ఇందులో?"

"ఏటీ లేదు. నిన్నటి వాసన."

"అయితే ఎవుడూ ముట్టడులే."

వరుస కదిలినప్పుడల్లా తవిటయ్య తట్టను కాలితో ముందుకు నెట్టాడు. వరుస పరిశీలకుడు అరగంటకోసారి వచ్చి హాజరు వేశాడు. ఫారంలో "తట్ట" అనే గడి లేదు కనుక "ఉన్నారు" అన్నచోట టిక్కు పెట్టాడు. (నిజాయితీపరుడు. టోకెన్ నంబరు సరిచూసుకునే పెట్టాడు.)

మూడో గంటకు జగ్గమ్మ కిటికీ చేరింది. ఔషధావశ్యకతా నిర్ధారణాధికారి అమిత్ హాజరు పట్టీ చూసి మెచ్చుకోలుగా తలూపాడు.

"మావుసీ, మూడు గంటలు ఒక్కసారి కూడా కదల్లేదు! నీకీ మందెందుకు?"

"కదల్లేదేటి బాబూ! అయిదుసార్లు ఎల్లొచ్చాను. ఈ తవిటయ్యనడుగు."

"ఎల్లొచ్చావా? అయితే టోకెన్ రద్దు."

"అయితే ఎల్లలేదు."

"అయితే జబ్బు లేదు."

ఈ రెండింటిలో తనకు ఏది మేలో జగ్గమ్మ ఆలోచించబోయింది గానీ, అంత వ్యవధి ఆమెకు లేదు. తట్టను కిటికీ ముందు వదిలి పరుగెత్తింది.

మందు నిరాకరిస్తున్నట్టు రాసిన నిర్ణయాన్ని అమిత్ నిబంధన ప్రకారం తట్టకు చదివి వినిపించాడు. అభ్యంతరమేదీ రాలేదు.

ఆ నెల నివేదికలో "మందు లేకుండానే నయమైనవారు: ఒకరు" అని ఎక్కింది. అభినందించడానికి ఆసుపత్రి నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ కోడలే ఎత్తి, "మా అత్త బాత్రూంలో ఉంది, తరవాత సెయ్యండి," అంది.

నయమైనవారికి ఆసుపత్రి గుర్తుండదని రాసి ఫైలు మూసేశారు.