పద్నాలుగో నిబంధన, పదిహేడో దర్శకుడు

ఒక సినిమాకి ఒక్కడే దర్శకుడుండటం మానవజాతి ఇంతకాలం నోరు మూసుకుని భరించిన నిరంకుశత్వాలన్నిటిలోకీ ఘోరమైనదని అంతర్జాతీయ సమష్టి చలనచిత్ర మండలి తన మొదటి తీర్మానంలోనే తేల్చిపారేసింది. (తీర్మానం రాయడానికి పదకొండు మంది కూర్చున్నారు. రెండు కామాల దగ్గర ఇప్పటికీ రాజీ కుదరలేదు.) అందుకని పంతొమ్మిది దేశాల నుంచి ఇరవై ఏడుగురు దర్శకుల్ని పోగుచేసి, అందరూ కలిసి ఒకే సినిమా తియ్యాలని ఆదేశించింది. సినిమా విషయం: మనిషి.

అందులో పదిహేడోవాడు మన దర్శకుడు. పెళ్ళి వీడియోలు తీసి బతుకుతాడు. పెళ్ళికూతురి పిన్ని ఏ వైపు నుంచి సన్నగా కనిపిస్తుందో ఇట్టే చెప్పగలడు. ఎంపికైనట్టు ఉత్తరం రాగానే ఉబ్బితబ్బిబ్బయి తల్లి కుట్టుకొట్టుకి పరిగెత్తాడు.

"అమ్మా, నిన్ను సినిమాలో పెడుతున్నా! ప్రపంచమంతా చూస్తుంది."

"ప్రపంచం సంగతి తర్వాత. మీ పెద్దమ్మ చూస్తుందా?" అందామె, పెదాల మధ్య గుండుసూదులు తియ్యకుండానే.

నలభై సెకన్ల షాటది. కొట్టు కట్టేసే వేళ ఆమె నేలమీది దారం ముక్కలు ఊడుస్తుంది, మిషనుకి గుడ్డ కప్పుతుంది, తలుపు దాకా వెళ్ళి ఎందుకో వెనక్కి తిరిగి మిషనుని చూసి నవ్వుతుంది. ఇరవయ్యేళ్ళ వృత్తిలో "కాస్త నవ్వండి" అని అడక్కుండా అతను పట్టుకున్న మొదటి నవ్వు అదే. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే దాన్ని మూడుచోట్ల దాచుకున్నాడు.

మండలి సమావేశాలు కంప్యూటర్ తెర మీద, అన్ని దేశాలవాళ్ళకీ సమానంగా ఇబ్బంది కలిగే వేళలో జరిగేవి. మనవాడికి అది సరిగ్గా భోజనం వేళ. ఎవరు ఏ భాషలో మాట్లాడినా అనువాద యంత్రం క్షణంలో మార్చి వినిపించేది. మిగతావాళ్ళు వెలుగునీడల తత్త్వం గురించి గంటలకొద్దీ మాట్లాడుతుంటే, తను ఉత్త పెళ్ళి వీడియోలవాడని ఎక్కడ బయటపడుతుందోనని ఇతను బిక్కచచ్చి కూర్చునేవాడు. నాలుగో వారం ఇక ఉండబట్టలేక, తనకీ ఓ బుర్ర ఉందని చూపించడానికి నోరు తెరిచాడు.

"ఏదైనా షాటు చూడగానే ఇది ఫలానావాళ్ళదని మిగతావాళ్ళు పోల్చుకోగలిగితే, ఇక అది సమష్టి షాటెలా అవుతుందండీ? తీసెయ్యాలి కదా!"

తెర మీద చప్పట్లు మోగాయి. ఏకాభిప్రాయ విభాగం అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అప్పటికప్పుడు అది పద్నాలుగో నిబంధన అయింది, అతను పోలిక పరీక్షల సంచాలకుడయ్యాడు. (ఆ హోదాతో బల్ల మీద పెట్టుకునే అట్టముక్క తనే కత్తిరించుకున్నాడు.)

పరీక్ష సులువు. షాటు వేస్తారు. తీసినవాళ్ళు తప్ప మిగతా ఇరవై ఆరుగురూ అది ఎన్నో నంబరు దర్శకుడిదో చీటీ పంపాలి. సగం మంది సరిగ్గా చెబితే షాటు గోవిందా.

మొదట దొరికినవాడు తొమ్మిదో దర్శకుడు, పెద్దాయన. ఆయన షాటులో తొంభయ్యేళ్ళ తండ్రి వంగి బూటు లేసు కట్టుకుంటాడు. మూడుసార్లు జారిపోతుంది, నాలుగోసారి ముడి పడుతుంది.

"బాబూ, మా నాన్న పోయి నెల్లాళ్ళయింది. దీన్నొక్కదాన్నీ ఉంచు" అన్నాడు పెద్దాయన.

"మీ బాధ నాకు అర్థమైంది సార్. కానీ ఆ చెవులు అచ్చం మీవే. ఇరవై ఇద్దరు పోల్చేశారు."

"చెవులు ఆయనవే బాబూ. నాకిచ్చాడంతే."

సంచాలకుడు మెత్తబడలేదు. బూటు ఎవరిదో చెప్పలేం కనుక బూటుకి మాత్రం అనుమతి మంజూరు చేశాడు. ఆ పూట భోజనం కూడా తృప్తిగా చేశాడు, అబద్ధమెందుకూ చెప్పడం.

రెండు నెలలకి తల్లి షాటు వంతు వచ్చింది. చీటీలు పంపేలోపే పొగడ్తలు కుమ్మరించారు. "ఇంత చనువుగా పదిహేడోవారు తప్ప ఎవరు తియ్యగలరు!" అని ఒకరు, "ఆ ముక్కు చూడండి, సాక్షాత్తూ మన సంచాలకులదే!" అని ఇంకొకరు. నిబంధన ప్రకారం పొగడ్త కూడా సాక్ష్యమే. ఇరవై ఆరు చీటీల్లో ఇరవై ఐదింటి మీద పదిహేడు అని ఉంది.

మిగిలిన ఒక్క చీటీ తొమ్మిదో దర్శకుడిది. "ఎవరిదో తెలియడం లేదు" అని రాశాడు. అంతకు వారం ముందే ఆయన "అమ్మగారి భుజం నొప్పి తగ్గిందా బాబూ? నువ్వు పంపిన ఆవిడ షాటు ఎన్నిసార్లు చూశానో" అని కబురు పంపాడు. ఆ చీటీ చూడగానే మనవాడికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో ఆ పూట ముద్ద దిగలేదు.

అప్పీలు చేసుకోవచ్చు. అప్పీళ్ళు పరిశీలించే అధికారం పోలిక పరీక్షల సంచాలకుడిది. అతను అర్జీదారుగా కింద సంతకం పెట్టి, సంచాలకుడిగా మూడు రోజులు ఆలోచించి, బంధుప్రీతి అంటారేమోనని భయపడి, "తిరస్కరించడమైనది" అని రాసి పైన సంతకం పెట్టాడు. తలుపు ఎవరిదో చెప్పలేం కనుక తలుపుకి అనుమతి లభించింది.

సినిమా తొమ్మిది నిమిషాలు తేలింది. పేర్లు పదకొండు నిమిషాలు.

ప్రదర్శనకి తల్లి తన బట్టలు తనే కొత్తగా కుట్టుకుని, పెద్దమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమెకి ముందే చెప్పాలని అతను నాలుగుసార్లు కొట్టు దాకా వెళ్ళి, నాలుగుసార్లూ నీళ్ళు నమిలి వచ్చేశాడు. తెర మీద ఖాళీ కుర్చీ వచ్చింది. మరుగుతున్న నీళ్ళు వచ్చాయి. లేసు కట్టిన బూటు వచ్చింది. తర్వాత మూసి ఉన్న తలుపు.

"అక్కా, మా కొట్టు తలుపే! ఇప్పుడు చూడు" అని తల్లి ముందుకి వంగింది.

నాలుగు సెకన్లకి తలుపు పోయి ఖాళీ మెట్లు వచ్చాయి. ఆమె చాలాసేపు అలా వంగే ఉంది. మెట్లు కూడా అయిపోయాక మెల్లిగా వెనక్కి వాలి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇది దేని గురించన్నావురా?"

"మనిషి గురించమ్మా."

"మరి మనిషేడీ?"

"ఇదుగో, ఇప్పుడొస్తారు" అన్నాడు అతను. తెర మీద పేర్లు మొదలయ్యాయి.