ఎలాదియో ధవళవస్త్ర దిగ్విజయము

సకలశీతవాతనిలయమగు కస్తీల్య పీఠభూమిని, పొద్దుతిరుగుడు గింజల పొట్టుచే పరమపావనమైన వాల్దెరోబ్లే పురమున, వైశాఖమార్తాండుడు మైదానపు గడ్డిని మాడ్చుచున్న ఒకానొక ఆదివారమున, ఆ పుర ఫుట్‌బాల్ క్లబ్బునకు పందొమ్మిదేండ్లుగా అధ్యక్షుడును, వృత్తిచే నీటిగొట్టముల వర్తకుడును, ఏకగ్రీవసార్వభౌముడును (ఆ కుర్చీ మరెవరికిని అక్కరలేదన్న సంగతి వేరు) అగు ఎలాదియో మహాశయుడు తన ఏలుబడిలోని కడపటి ఆటకు విచ్చేసెను.

అధ్యక్షుడు కంటగింపైనచో ప్రేక్షకులు లేచి తెల్ల చేతిరుమాళ్ళు ఊపుట ఆ దేశాచారము. దిగిపొమ్మని దాని భావము. పొరుగూరి అధ్యక్షునికి ఆ మర్యాద రెండుమార్లు దక్కెను. మన వీరునికో, జట్టు మూడుమార్లు క్రింది శ్రేణికి జారిననాడును లేదు, ఒకే ఆటలో ఎనిమిది గోల్స్ తిన్ననాడును లేదు. ప్రతి సోమవారము గేటు మూసి, తానొక్కడే చీపురుపట్టి, జనము ఉమ్మిన పొట్టంతయు ఊడ్చుకొనుచు, తానిక్కడ ఉన్నట్టు ఒక్క ప్రాణికైనను తెలియునా అని ఆయన కుమిలిపోయెడివాడు.

కావున ఆనాడు బ్రహ్మాస్త్రము తీసెను. మైదానమున గింజలు నిషిద్ధమని గేటుకు కాగితమంటించెను.

“అధ్యక్షులవారూ, కోచ్‌ని పీకేస్తే ఎవరూ పట్టించుకోలేదు. గింజల జోలికెళ్తే మాత్రం ఊరుకోరండీ,” అన్నాడు కార్యదర్శి గౌదెన్సియో.

“ఊరకుండు జనమును పందొమ్మిదేండ్లు ఏలినవానికి, ఊరకుండని జనముకన్న వరమేది, గౌదెన్సియో? లేవనిమ్ము రుమాళ్ళు. కురవనిమ్ము ధవళవర్షము.”

“అంటే, తిట్టించుకోవాలని ఉందా మీకు?”

“ఉంది,” అని ఆ ధీరోదాత్తుడు మెల్లగా ఒప్పుకొనెను.

నలువదియొక్క మంది ప్రేక్షకసముద్రము తొలి సగమంతయు చేతులు కట్టుకొని కూర్చుండెను. విరామమున ముందువరుసనుండి ఎనుబదిమూడేండ్ల కాసిల్దా అవ్వ వెనుకకు తిరిగి, పైమెట్లపై కూర్చున్న అధ్యక్షుని చూచెను.

“ఏరా ఎలాదియో, ఆ కాగితం అంటించింది నువ్వేనా?”

“నేనే అవ్వా.”

“మీ అమ్మ నా పక్కనే కూర్చుని, నా సంచీలోవే తినేది. సిగ్గు లేదట్రా?”

అని చొక్కాచేతిలో దోపుకొన్న రుమాలు లాగి, లేచి, ఊపెను. అంతట తక్కిన నలువది చేతులును ఒక్కసారిగా జేబులలోనికి పోయెను. వచ్చినది ధవళసేన, వచ్చినది తన ఘడియ, అని ఆయన కుర్చీనుండి లేచి రొమ్ము విరుచుకొనెను. జేబులనుండి వెడలినవి గింజలు. నలువది నోళ్ళు ఏమీ ఎరుగనట్లు టకటక కొరుకనారంభించెను.

ఒక్క రుమాలు మాత్రము ఇంకను ఊగుచుండెను. దానిని చూచి మహాశయుని కన్నులు నిండెను.

అవ్వ మెట్లెక్కి వచ్చి ఆ రుమాలు ఆయన చేతిలో పెట్టెను. “తుడుచుకో. ఎలాగూ రేపు ఇదంతా ఊడ్చేది నువ్వేగా. పందొమ్మిదేళ్ళుగా మా కిటికీలోంచి చూస్తున్నా, ఆ మూల ఎప్పుడూ వదిలేస్తావు.”

ఇట్లు ఎలాదియో మహాశయుడు తన యావత్ సామ్రాజ్యకాలమున ఒక్క రుమాలు గెలిచెను. అదియును ఉతికి తిరిగి ఇచ్చునట్టిది.