మధ్యలో కూర్చున్న కళ్ళజోడు మనిషి

పెసరట్టు తిని మధ్యాహ్నం దాకా పడుకోవాలని రామకృష్ణారావు ఆ శుక్రవారానికి ముందే నిర్ణయించుకున్నాడు. అది 1992 ఫిబ్రవరి. ఈ అరబ్బు దేశానికి వచ్చి అల్ మన్సూరాలో ఫ్లాటు తీసుకున్న రెండేళ్ళలో సెలవురోజును ఆయన అంతకుమించి ఏమీ అడగలేదు. కాని గురువారం సాయంత్రం, ఆఫీసు మూసే వేళకి, అమెరికన్ మేనేజరు ఒక వీడియో క్యాసెట్ చేతిలో పెట్టాడు.

వాళ్ళ దేశంలో అధ్యక్ష పదవికి నిలబడే అవకాశం కోసం ఒకే పార్టీవాళ్ళు టీవీలో వాదించుకున్న కార్యక్రమం అది. ఎవరు బాగా మాట్లాడారన్నదాని మీద మేనేజరుకీ భార్యకీ వారంగా మాటల్లేవట. రావు ఒకప్పుడు కాలేజీ వక్తృత్వ పోటీలకి న్యాయనిర్ణేత కదా, మార్కులు వేసి శనివారం ఇమ్మన్నాడు. రావు కాంట్రాక్టు పొడిగింపు కాగితం మేనేజరు బల్ల మీద సంతకం లేకుండా పడి ఉంది.

అమెరికా టేపు ఇంట్లో వీసీఆర్‌కి పడలేదు. నలుపు తెలుపుల్లో బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు.

"మాట వినపడకుండా మార్కులేంటండీ? ఆ సంగతే ఆయనతో చెప్పేయండి" అంది వేదవతి.

రావుకి మనస్తత్వశాస్త్రం పుస్తకాలు చదివే అలవాటుంది. "నోరు అబద్ధమాడుతుంది వేదా, ఒళ్ళు ఆడదు" అన్నాడు. ఆ వాక్యం ఆయనకే బాగా నచ్చింది. ఇక వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

కంపెనీ మేస్త్రీ బుచ్చన్న, ప్రతి శుక్రవారంలాగే, ఊరికి ఉత్తరం రాయించుకోడానికి కార్మికుల క్యాంపు నుంచి వచ్చాడు. అతనూ కూర్చుని చూశాడు.

"గా నడుమ కూసున్న అద్దాలాయన మంచిగున్నడు సార్. తక్కినోళ్ళు కొట్లాడుతున్నరు. గాయన అడుగుతుండు, ఇంటుండు. మా క్యాంపు బాసు గిట్లుంటే ఎంత సుకం."

రావు కూడా సరిగ్గా అదే గమనించాడు. మెడలన్నీ ఆ మనిషి వైపే తిరుగుతున్నాయి. ఆయన చెయ్యెత్తితే నోళ్ళు మూతపడుతున్నాయి. తొంభై రెండు వేశాడు. ఎత్తుగా ఉన్నతనికి నలభై. ఆ బిగించిన పిడికిలి లోపలి భయం. కుర్రవాడికి ముప్పై ఎనిమిది; ఆ నవ్వు తల్లి మెప్పు కోసం నేర్చుకున్నది.

శనివారం ఉదయం టైపు చేసిన నివేదిక చదివి మేనేజరు దాన్ని తీసుకుని గదిలోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు.

టీ దగ్గర పక్క సీటు గురుప్రసాద్‌కి రావు తన తీర్పు వివరించాడు. గురుప్రసాద్ ఆ కార్యక్రమాన్ని ఏదో హోటల్ టీవీలో శబ్దంతో సహా చూశాడు.

"ఆ మధ్యలో ఆయనా? ఆయన పోటీలోనే లేడండీ. ప్రశ్నలడిగే టీవీ మనిషి."

నివేదికలో చిన్న పొరపాటుంది, దిద్ది ఇస్తానని రావు సెక్రటరీ ప్రతిమ దగ్గరికి పరుగెత్తాడు. మేనేజరు దాన్ని అప్పుడే భార్య పనిచేసే స్కూలుకి ఫ్యాక్స్ చేయించాడని ఆమె చెప్పింది. అక్కడి అమెరికన్ టీచర్లందరికీ కాపీలు అందాయని పన్నెండింటికి తెలిసింది. రెండింటికి జనరల్ మేనేజర్ గదిలోంచి పెద్దగా నవ్వులు వినిపించాయి.

రావు తనను తాను శాస్త్రీయంగా పరిశీలించుకున్నాడు. అరచేతుల్లో చెమట, ఎండిన నాలుక, సొరుగు సర్దుకోవాలన్న కోరిక. ఇంటికి ఫోన్ చేసి, ఖాళీ అట్టపెట్టెలు పారేయొద్దన్నాడు. ఎందుకని వేదవతి అడగలేదు. అది ఇంకా బాధించింది.

మూడింటికి పిలుపు వచ్చింది. నిజం చెప్పేద్దామని రావు నోరు తెరిచాడు. మేనేజరు చెయ్యెత్తి ఆపి, వారం మౌనం తరువాత తన భార్యే ఫోన్ చేసిందన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ గదిలో పదవికి తగినవాడు ప్రశ్నలడిగినవాడొక్కడే అని ఇద్దరూ ఒప్పుకున్నారట. తమ రాజకీయాల్ని ఇంత నెమ్మదిగా వెక్కిరించినవాణ్ణి ఇంతవరకు చూడలేదంటూ కాగితం మీద సంతకం పెట్టాడు. మరో రెండేళ్ళు.

రావు నోరు తెరిచే ఉంది. శబ్దం రాలేదు.

ఆ వారమే ఆయన ముషైరిబ్ బజారులో అన్ని దేశాల టేపులూ ఆడే వీసీఆర్ కొన్నాడు. మాటలు వినిపించడం మొదలయ్యాక ఆయన వేసిన మార్కులు మళ్ళీ ఎవరికీ నచ్చలేదు.