చారిత్రక శ్మశానంలో బతికున్నవాడు

బెజవాడ నేతగాళ్ల శ్మశానం నేటి నుంచి చారిత్రక స్థలమని మునిసిపల్ చైర్మన్ వెంకటకృష్ణారావుగారు టముకు వేయించారు. తరతరాలుగా అక్కడ తాతల్ని పూడ్చుకుంటున్న వాళ్లకు ఈ సంగతి తెలియనే తెలియదు. స్వరాజ్యం వస్తేగాని ఇలాంటివి బయటపడవు.

వెంటనే గేటుకు తాళం, పక్కన బోర్డు: "నేత సంస్కృతి ఇచట నిద్రించుచున్నది. బతికియున్నవారికి ప్రవేశము లేదు."

సమాధుల నడుమ బాట ఒక్కటే ఆ పేటలో పడుగుదారాలు బారుగా సాగదీసి గంజి పెట్టుకునే చోటు. పడుగు లేనిదే మగ్గం ఆడదు, మగ్గం ఆడనిదే కూడు లేదు. ఇంత చిన్న విషయం చైర్మన్‌గారి అంత పెద్ద బుర్రకు ఎలా ఆనుతుంది?

శిలాఫలకం ఆవిష్కరించడానికి మద్రాసు నుంచి మంత్రిగారొస్తున్నారు. ఫలకానికి తెర కావాలి. చైర్మన్‌గారు నేతగాడు చౌడయ్యను పిలిపించారు. పక్కింటివాణ్ణి గనుక నేనూ వెంట వెళ్లాను.

"పది రోజుల్లో ఆరు గజాలు నేసివ్వాలోయ్."

"నేస్తానండీ. గేటు తీయిస్తే పడుగు చేసుకుంటాను."

"చచ్చినవాళ్లకే ఎంట్రీ. రూలు."

"రూలు పెట్టింది తమరే గదండీ?"

"అందుకే తియ్యను."

మర్నాడు గేటు ముందుకు పాడె వచ్చింది. పాడె మీద చౌడయ్య, చౌడయ్య కింద పడుగు. పెళ్లాం భద్రమ్మ గుండెలు బాదుకుంటోంది. వారం నుంచి పొయ్యి వెలగలేదు కనుక ఆ ఏడుపు నటన అనడానికి లేదు.

తనిఖీకొచ్చిన చైర్మన్‌గారు చలించిపోయారు. "అయ్యో! మరి నా తెర?"

"ఇస్తానండీ, ముందు గేటు తీయించండి బాబూ!" అంది భద్రమ్మ.

తీయించారు. ఫలకం మీద ఎవరి పేరు చెక్కించాలా అన్న బెంగ కూడా ఆయనకు అక్కడే తీరింది. గంజి ఆరాక పడుగూ చౌడయ్యా అదే పాడె మీద బయటికొచ్చారు. వెళ్లే పాడెను చూడాలనే గాని, వచ్చే పాడెను చూడాలని రూల్లో లేదు.

చౌడయ్య రాత్రింబవళ్లు నేశాడు. తెర చూపించి గేటు సంగతి మంత్రిగారినే అడుగుదామని ఆశ.

ఆ రోజు రానే వచ్చింది. మంత్రిగారి కోసం గేటు తీస్తే, జనంతో పాటు చౌడయ్యా లోపలికి దూరాడు. మంత్రిగారు తెర లాగారు. "నేత తపస్వి చౌడయ్య ఇచట నిద్రించుచున్నాడు."

"అయ్యా, ఆ చౌడయ్యను నేనేనండీ! ఈ గేటొక్కటి..."

"ఎవరితను?" అన్నారు మంత్రిగారు.

చైర్మన్‌గారు తడుముకోలేదు. "ఎవడో బతికున్నవాడు సార్. ఎలా దూరాడో!"

మంత్రిగారు తెరను తడిమి తడిమి చూసి, "ఎంత పనితనం! ఇలాంటి చేతులు ఇక పుట్టవు," అని కళ్లు తుడుచుకున్నారు.

ఆ చేతులు రెండూ పట్టుకుని బంట్రోతులు చౌడయ్యను గేటు బయటికి నెట్టి, తాళం వేశారు.