బతికున్న చేతికే నడిచే వాచీ

ఆ ఉదయం హెడ్‌గుమాస్తా అనుకున్నది చాలా చిన్న పని. తొమ్మిదింటికల్లా ఆఫీసు చేరాలి, కొత్త ఆఫీసరమ్మ సూపరింటెండెంటు పేరు ప్రకటించే వేళకు కళ్లెదుట ఉండాలి. ఆ కుర్చీ కోసం పాపం పద్దెనిమిదేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. తీరా తయారై టేబుల్ మీది వాచీ తీస్తే, రెండుంబావు దగ్గర ఆగిపోయి ఉంది. చెవికి ఆనించాడు. చప్పుడు లేదు.

ఒళ్లు జల్లుమంది. జల్లుమనదూ మరి? అది చెయ్యి కదిలితే లోపలి స్ప్రింగు తనంత తానే చుట్టుకునే వాచీ. "బ్యాటరీ వాచీదేముందోయ్! శవం చేతికి కట్టినా ఠంచనుగా నడుస్తుంది. నాది అలా కాదు, నేను ప్రాణం పోస్తేనే నడుస్తుంది. నేను పోయిన రోజున ఆగిపోతుంది," అని బావమరిది మొదలు పక్కింటాయన దాకా అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరినవాడు తనే.

"ఏమేవ్, ఒకసారి ఇటు చూడు!"

భార్య వంటింట్లో అటు తిరిగి నిలబడి ఉంది. చూడలేదు. మూడుసార్లు పిలిచాడు. మిక్సీ మోతలో ఆవిడకేం వినబడుతుంది? ఆ సంగతి ఆయనకు తట్టలేదు. కదిలిస్తే ఉన్న కాస్త ప్రాణమూ పోతుందేమోనని వాచీని గుండెలకు అదిమిపట్టుకుని, పిల్లిలా మెట్లు దిగాడు.

బస్సులో కండక్టరు ముందు సీటుకు టిక్కెట్టిచ్చాడు, వెనక సీటుకిచ్చాడు, తనను దాటుకుని పోయాడు. ఆఫీసు గుమ్మంలో హాజరు మిషను మీద చెమట వేలు పెట్టాడు. "ఈ వ్యక్తి లేరు," అంది మిషను. మళ్లీ పెట్టాడు. లేరు.

వరండా అంతా నిశ్శబ్దం. తన గదిలో లైటు ఆర్పేసి ఉంది. బల్ల శుభ్రంగా తుడిచేశారు. కలాలు, కళ్లజోడు, కాఫీ కప్పు, అన్నీ ఒక అట్టపెట్టెలో సర్దేసి ఉన్నాయి. పక్క గదిలోంచి గుసగుసలు. "పద్దెనిమిదేళ్లండీ... ఒక్కరిని నొప్పించి ఎరగరు..."

ఇక ఆగలేకపోయాడు. తలుపు తోసుకుని లోపలికెళ్లి పడ్డాడు.

"అమ్మా, నిజం చెప్పండి. నేను చచ్చిపోయానా?"

అందరూ బిత్తరపోయారు. ఆర్డరు కాగితం పట్టుకుని నిలబడ్డ ఆఫీసరమ్మ ముందుగా తేరుకుంది. "అవేం మాటలండీ? సూపరింటెండెంటు మీరే. మీ సామాను పై గదికి మారుస్తున్నాం!"

ఆయన బావురుమన్నాడు. కథంతా చెప్పి వాచీ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని నాలుగుసార్లు ఊపింది. టిక్ టిక్‌మంటూ బయల్దేరింది.

"మా నాన్నగారిది వాచీల కొట్టండి. దీనికి ఏ రోగమూ లేదు. పగలంతా చెయ్యి ఆడితే, రాత్రి విప్పి పెట్టినా తెల్లారేదాకా హాయిగా నడుస్తుంది. నిన్న సెలవేమైనా పెట్టారా?"

"సెలవా! పొద్దున్న కుర్చీలో కూర్చున్నవాణ్ణి సాయంత్రం దాకా లేవలేదండి!" అన్నాడు, ప్రాణం లేచొచ్చిన సంబరంలో.

"వాచీ ఏ చేతికి కడతారు?"

"రాసే చేతికేనండి!"

ఆఫీసరమ్మ ఆర్డరు కాగితాన్ని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టింది. "ఆ అట్టపెట్టె మళ్లీ పాత బల్ల మీదే పెట్టండి," అంది.

హెడ్‌గుమాస్తా బతికే ఉన్నాడని ఆ రోజు ఆఫీసంతా ఒప్పుకుంది. పని చేస్తున్నాడనడానికి మాత్రం సాక్షి దొరకలేదు.