పన్నెండు వారాల పచ్చజొన్న విస్కీ

"మన పచ్చజొన్న ఇకపై రొట్టెలకే పరిమితం కాదు. విమానమెక్కి ప్రపంచపు గ్లాసుల్లోకి దూకుతుంది!" అని 2010 మార్చిలో శంషాబాద్ సభలో మంత్రిగారు ప్రకటించారు. షామియానా నాదే కనుక పక్కనే నిలబడి విన్నాను. అంతటి దూరదృష్టి నా ఇరవయ్యేళ్ల టెంట్‌హౌస్ అనుభవంలో చూడలేదు.

అంతరించిన జొన్నను బతికించి, దాంతో క్రాఫ్ట్ విస్కీ తీసి, ఎయిర్‌పోర్టులో విదేశీయులకు అమ్ముతారట. అంతరించిందని ప్రకటించాక విత్తనం కోసం వెతకడం మొదలుపెట్టారు.

అది తుక్కుగూడ దగ్గర మా అనంతమ్మ పెద్దమ్మ ఇంట్లో దొరికింది. రింగురోడ్డుకు పోగా మిగిలిన ఇరవై గుంటల్లో ఆమె ఏటా అదే వేస్తుంది. విత్తనాన్ని వేపాకు, బూడిద కలిపి కుండలో దాస్తుంది. స్పెషల్ ఆఫీసర్ శ్రావణ్‌కుమార్‌గారు బూట్లు విప్పి ఆ కుండకు నమస్కరించారు.

"అమ్మా, ఈ జెర్మ్‌ప్లాజమ్, అదే మీ విత్తనం, రాష్ట్ర సంపద. మాకు అప్పగించండి."

"జర తీస్కపో సారూ."

"పైలట్ ప్రాజెక్టుకు మొత్తం కావాలండి."

ఆమె నావైపు తిరిగింది. "ఏమంటవ్‌రా బాలమల్లూ?"

తర్వాతి సభ షామియానా కూడా నాదే కావాలి. "ఇయ్యి పెద్దమ్మా. సర్కారు యాడికి పోతది?" అన్నాను.

"మిరుగం కార్తెల తొలకరి పడంగనె విత్తాలె. అప్పటికి నా ఇత్తునం నాకు రావాలె," అంది.

కుండను అంబులెన్సులో, సైరన్‌తో తీసుకుపోయారు. ఆ వాడకు అంబులెన్సు రావడం అదే మొదటిసారి.

మరుసటి వారం మంత్రిగారి సమీక్షకు కుర్చీలు వేసింది కూడా నేనే.

"సర్, పంటకు నాలుగు నెలలు. ఆపైన మంచి విస్కీ పీపాల్లో పన్నెండేళ్లు ఊరాలి," అన్నారు ఆఫీసర్‌గారు.

"నాకు జూన్‌ల కావాలె."

"కాలం మన చేతిలో లేదు సర్."

"ఏ డిపార్ట్‌మెంట్ చేతుల ఉంది? నేను మాట్లాడుత."

సాయంత్రానికి జీవో వచ్చింది: సదరు విస్కీ విషయంలో ఒక వారాన్ని ఒక సంవత్సరంగా పరిగణించవలెను. విస్కీ కనిపెట్టినవాళ్లకు కూడా ఇంత సాహసం లేకపోయింది.

జూన్ మొదటివారంలో ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో ఆవిష్కరణ. గగన్‌పహాడ్ గోదాములో పాత లేబుళ్లు గీకి కొత్తవి అతికించిన సీసాలు 'పన్నెండేళ్ల పచ్చజొన్న విస్కీ'గా బల్లమీద నిలబడ్డాయి. సన్మానానికి పెద్దమ్మను నేనే తీసుకొచ్చాను. శాలువా కప్పగానే అడిగింది: "సారూ, రెండు వానలు పడ్డయి. నా ఇత్తునమేది?"

"కార్యక్రమం చివర్లోనమ్మా," అన్నారు ఆఫీసర్‌గారు.

విదేశీ అతిథి ఒక గుక్క తాగి, మర్యాదగా గ్లాసు దించాడు. తర్వాత పళ్లెంలోంచి కొన్ని పేలాలు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. అది చూసి మంత్రిగారు కూడా పిడికెడు తీసుకున్నారు.

"శ్రావణ్, మస్తున్నయి! ఏంది ఇవి?"

"మన హెరిటేజ్ గ్రెయినే సర్. సీసాలోకి అవసరం రాలేదు కదా. పురుగు పడితే ఆడిట్ అడుగుతుందని మొత్తం వేయించేశాం."

పెద్దమ్మ వేదిక మీదే పళ్లెం దగ్గరికి నడిచింది. పేలకుండా అడుగున మిగిలిన నాలుగు గింజలు ఏరి, ఒకదాన్ని గోటితో నొక్కింది. లోపల నల్లగా మాడి ఉంది. నేను తల దించుకున్నాను.

మంత్రిగారు ఖాళీ పళ్లెం ఎత్తి చూపించారు. "ఇంకిన్ని తెప్పియ్యి."

"అయిపోయాయి సర్."

"అయిపోతే ఏం పరేషాన్? ఇంత మంచి గింజ, మల్ల పండియ్యిండ్రి!"

హాలంతా చప్పట్లతో మోగింది. పెద్దమ్మ శాలువా తీసి నా భుజాన వేసి, వేదిక దిగి వెళ్లిపోయింది.