సామాన్లు దించే అరుగు

ఆ శుక్రవారం సరస్వతమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆరున్నరకు నంద్యాలలో బస్సెక్కాలి, ఆళ్లగడ్డలో దిగి ఆటో పట్టుకోవాలి, పదకొండు గంటలకు మస్కట్ నుంచి ఫోన్ వచ్చేసరికి కోనంపల్లె ఇంట్లో ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి ఉంచాలి. ఆ ఇద్దరిలో ఒకరిని శ్రీలత మేనేజరుగా ఎంచుకుంటుంది. సాయంత్రానికి ఇల్లు చేరిపోవచ్చు. ఇంత చిన్న పనికే ఆమె కోడి కూయకముందు లేచి, తాళంచెవులు మూడుసార్లు తడిమి చూసుకుని, బస్సు తప్పిపోతే ఎలా, ఆటో బోల్తా పడితే ఎలా, ఫోన్ పనిచేయకపోతే ఎలా అని వరసగా భయపడింది. ఆ రోజు జరగబోయేది మాత్రం ఆ భయాలలో ఎక్కడా లేదు.

శ్రీలత ఆమె పిన్నమ్మ కూతురు. ఐదేళ్ల వయసు నుంచి సరస్వతమ్మ చేతుల మీదే పెరిగింది. ఇప్పుడు మస్కట్‌లో పంతులమ్మ. రెండువేల సంవత్సరంలో అహోబిలం పోయే దారిలో, కోనంపల్లె ఊరి చివర, రెండు గదుల ఇల్లు కట్టించింది. గుడికీ, నల్లమల చూడడానికీ వచ్చే కుటుంబాలకు రోజుల లెక్కన అద్దెకు ఇవ్వాలని. నాలుగేళ్లుగా ఆ ఇంటిని నంద్యాల నుంచి బస్సుల్లో తిరుగుతూ సరస్వతమ్మే చూసుకుంటోంది. పోయిన నెలలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం మూడు గంటలపాటు మెట్ల మీద కూర్చుంది. తాళంచెవి ఉన్న సరస్వతమ్మ, టైరు పంక్చరైన బస్సులో కూర్చుంది. వాళ్లు మస్కట్‌కే ఫోన్ చేసి తిట్టారు.

"అక్కా, నీకీ తిప్పలు వద్దు," అన్నది శ్రీలత. "ఈ శుక్రవారం నాకు సెలవు. మంచి మనిషి దొరికితే సరి. దొరక్కపోతే కరుణాకర్‌కి అమ్మేద్దాం. ఆళ్లగడ్డలో సిమెంటు వ్యాపారమంట గదా, శనివారం అడ్వాన్సు ఇస్తానంటాండాడు."

సరస్వతమ్మ "సరేలేమ్మా" అని ఫోన్ పెట్టేసి, ఆ పూట అన్నం తినలేదు. ఇల్లుంది కాబట్టే శ్రీలత ఏటా మే నెలలో ఇరవై రోజులు వస్తోంది. పగలంతా కుళాయిలు, కిటికీలు చూసుకుని, రాత్రికి నంద్యాలలో అక్క పక్కన మంచం వేసుకుంటుంది. ఆ ఇల్లు పోతే ఏ వంకన వస్తుంది? ప్రేమ తగ్గి మనుషులు దూరమవుతారని అందరూ అనుకుంటారు గానీ, పని లేక దూరమవుతారని సరస్వతమ్మ ఎరుగును. మేనత్త ఇంటితో రాకపోకలు, ఉమ్మడి గేదెను అమ్మిన ఏడాదే ఆగిపోయాయి.

ఆటో ఆగాక ఆమె దిగలేదు. వేరే ఇంటికి తెచ్చావేమిటప్పా అని డ్రైవరును అడిగింది. గేటు బయట ఉన్న అరుగు మల్లెపువ్వులా మెరుస్తోంది. దాని చుట్టూ ఎర్రటి కావి పట్టీలు. రెండు వైపులా గెలలతో ఉన్న అరటి చెట్లు, పైన మామిడాకుల తోరణం, రోడ్డుకు అడ్డంగా పెద్ద రథం ముగ్గు.

ఆ అరుగును శ్రీలత కార్లలోంచి పెట్టెలు దించుకోవడానికి కట్టించింది. అరుగంటే ఎంత ఉండాలో ఊరి మేస్త్రీకి ఒకటే కొలత తెలుసు. నడుమెత్తున, నాలుగు పలకలుగా ఆ కొలతకే కట్టాడు. నాలుగేళ్లుగా అది బూడిదరంగు సిమెంటుతో పడి ఉంటే ఎవరూ దాని ముఖం చూడలేదు.

"ఏందప్పా ఇది?" అన్నది సరస్వతమ్మ.

"పనితనం అమ్మా," అన్నాడు మహేశ్వర్, చేతులకంటిన సున్నం తుడుచుకుంటూ. ఇద్దరు అభ్యర్థుల్లో అతను మొదటివాడు. ముందురోజే వచ్చి దిగాడట. "మహానందిలో ఆరేండ్లు లాడ్జి చూసుకున్నా. వచ్చినోడు గేటు కాడనే పడిపోవాల. లోపల నీళ్లు రాకపోయినా తర్వాత చూసుకోవచ్చు."

"నీళ్లు రావా?"

"మాటకు చెప్తాండానమ్మా."

రెండో అభ్యర్థి రూతు, తొమ్మిదింటికి గడివేముల నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్లు ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా చేసిన మనిషి. అరటి చెట్లను కిందినుంచి పైదాకా చూసి, "పెండ్లా?" అన్నది.

"కాదమ్మా, ఇంటర్వ్యూ."

"ఇంటర్వ్యూకు గెలలు కట్టేది నేనెప్పుడూ చూడ్లా," అని లోపలికి పోయి, ఒక్కొక్క కుళాయి తిప్పి చూడడం మొదలుపెట్టింది.

తొమ్మిదిన్నరకు వెంకటమ్మ అనే ఆమె ఇత్తడి తట్టలో టెంకాయ, పూలు పెట్టుకుని గేటు దగ్గరకు వచ్చింది. "అక్కా, మాది కింది వీధి. మా ఆడోళ్లంతా వస్తాండారు. ఈడ నీడన కూర్చుంటాం, కాసిన్ని నీళ్లిస్తావా?"

ఎందుకు వస్తున్నారని అడగాలని సరస్వతమ్మ నోటిదాకా వచ్చింది. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది. ఇల్లెప్పుడూ బోసిగా ఉంటుందని శ్రీలత బాధ. పదకొండింటికి ఫోన్‌లో నలుగురి మాటలు వినబడితే, ఇంటికి గిరాకీ ఉందనుకుని అమ్మే మాట మానుకుంటుందేమో.

"రాండమ్మా, రాండి. ఎంతమందైనా రాండి," అన్నది.

వెంకటమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నలభై ఏండ్లుగా మా కింది వీధోళ్లను ఈ మాట ఎవురూ అనలేదక్కా," అన్నది. చెంబు నీళ్లకు ఇంత ఏడుపా, ఈ ఊళ్లో ఎంత కరువో పాపం అనుకుని సరస్వతమ్మ బిందె కూడా బయట పెట్టించింది.

పది గంటలకు వరండా నిండింది. పదింబావుకు పెరడు నిండింది. మహేశ్వర్ పొంగిపోయి కొత్త రిజిస్టరు తెరిచాడు.

"ఎవురప్పా వీళ్లంతా?" అన్నది సరస్వతమ్మ.

"గెస్టులమ్మా! అలంకారం చూసి ఆగినారు. నేను చెప్పలా?" అని ఒక ముసలామె వైపు తిరిగాడు. "అవ్వా, పేరు? ఊరు? వచ్చిన పని?"

"సామి కోసం నాయనా."

"ఎన్ని దినాలుంటారు?"

"సామి పోయిందాకా."

అతను 'నిర్ణయం కాలేదు' అని రాసుకున్నాడు. అరవై మూడో పేరు రాశాక సరస్వతమ్మ అతని పెన్ను పట్టుకుని ఆపింది. "రెండు గదులే గదప్పా ఉండేది?"

"సర్దుకుంటారమ్మా."

అప్పుడే పై వీధి నుంచి తిరుపతయ్య, వెనకాల పదిమందితో వచ్చాడు. ఊరికి పెద్దమనిషి. తెల్ల పంచె, మెడలో తువ్వాలు, ముఖంలో మంట.

"ఎవురమ్మా ఈ ఇంటామె? సామి దిగే తావు మార్చేదానికి నీకెవురు చెప్పినారు?"

అప్పటికి గానీ సరస్వతమ్మకు విషయం అందలేదు. అహోబిలం నరసింహస్వామి తన పెళ్లికి తానే పిలుపులు చెప్పుకుంటూ, పల్లకిలో నెలకు పైగా ఊరూరా తిరుగుతాడు. పల్లకి దించడానికి ఊరూరా ఒక అరుగుంటుంది. స్వామి వచ్చే రోజున దానికి సున్నం కొట్టి, కావి పట్టీలు వేసి, అరటి చెట్లు కడతారు. కోనంపల్లెలో ఆ అరుగు పై వీధిలో, తిరుపతయ్య ఇంటి ముందుంది. ఈ శుక్రవారం కోనంపల్లె వంతు. మహానంది మనిషికి ఈ సంగతే తెలియదు. స్వామి ఊళ్లు తిరుగుతాడని సరస్వతమ్మకు తెలుసు గానీ, ఏ రోజు ఏ ఊరో నంద్యాలలో ఉండి ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. కింది వీధివాళ్లకు మాత్రం ఒకటే అర్థమైంది. ఇన్నాళ్లకు మస్కట్ అమ్మ పుణ్యాన స్వామి తమ వైపు దిగుతున్నాడు.

"అన్నా, ఇది పెట్టెలు దించే అరుగు!" అన్నది సరస్వతమ్మ.

"పెట్టెలకు అరటి చెట్లు కట్టినారా? పెట్టెలకు రథం ముగ్గేసినారా?"

"అది మేనేజరు ఉద్యోగం కోసమన్నా."

"ఎవురికి? సామికా?"

వెనక ఎవరో నవ్వారు. తిరుపతయ్య తువ్వాలు విదిలించాడు. "పల్లకి పొలిమేర కాడికి వచ్చేసింది. తొందరగా తుడిపించు!"

మహేశ్వర్ బకెట్ నీళ్లతో పరుగున వచ్చాడు. కింది వీధి ఆడవాళ్లు అరుగు చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డారు. "సామి వచ్చే పొద్దు సామి అరుగు మింద మురికినీళ్లు పోస్తావా? పొయ్యి, చూస్తాం!" అన్నది వెంకటమ్మ. మహేశ్వర్ ఆమెనూ, తిరుపతయ్యనూ, బకెట్‌నూ చూసి, చివరికి ఆ నీళ్లు తన కాళ్ల మీదే పోసుకుని లోపలికి వెళ్లిపోయాడు. పై వీధి మగవాళ్లు ముందుకు వచ్చారు. కింది వీధి మగవాళ్లు పొలాల నుంచి పరుగెత్తుకొచ్చారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

రూతు వరండాలోకి వచ్చి రెండుసార్లు చప్పట్లు కొట్టింది.

"ఏయ్! ఏందీ గోల? ఆడోళ్లు ఇటు పక్క, మొగోళ్లు అటు పక్క. రెండు వరసలు. దావ ఇడవండి. పెద్దాయనా, నువ్వు ఆ మొదట్లో నిలబడు."

తిరుపతయ్య వరసలో నిలబడ్డాక అడిగాడు. "నువ్వెవురమ్మా?"

"ఇంటర్వ్యూకొచ్చినా."

"మా ఊరోళ్లను నువ్వు నిలబెట్టేదేంది?"

"నిలబడినారు గదా."

"నువ్వు టెంకాయ తేలేదా అక్కా?" అని వరసలోంచి ఒకామె అడిగింది.

"నాది చర్చి అమ్మా. వరస మాత్రం ఎవురికైనా వరసే. కొంచెం ఎనక్కి జరుగు."

సరిగ్గా పదకొండు గంటలకు ఫోన్ మోగింది. సరస్వతమ్మ దేవుణ్ణి తలుచుకుని ఎత్తింది.

"ఏందక్కా ఆ సద్దు?"

"గెస్టులమ్మా."

"ఎంతమంది?"

"రెండు నూర్లు దాటినారు."

"ఫోన్ మహేశ్వర్‌కి ఇయ్యి," అన్నది శ్రీలత. ఆమె పదకొండు ప్రశ్నలు రాసి పెట్టుకుంది. మొదటి రెండింటికీ మహేశ్వర్ గడగడా చెప్పాడు. మూడోది, "ఒకేసారి ఎక్కువమంది వచ్చేస్తే ఏం చేస్తావు?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "వచ్చేసినారు మేడమ్," అని రిసీవరు బల్ల మీద పెట్టి, పెరటి వైపు వెళ్లిపోయాడు.

సరస్వతమ్మ కిటికీ ఊచలు పట్టుకుని రూతును పిలిచింది. "అమ్మా, నీ వంతు! ఫోన్!"

"తర్వాత మాట్లాడతానని చెప్పండమ్మా. ఇప్పుడు చేతిలో పనుంది."

డప్పులు దగ్గరయ్యాయి. మలుపు తిరిగి పల్లకి వచ్చింది. పొద్దుటి నుంచి నడిచి వస్తున్న బోయీలకు మొదట కనబడింది సున్నం కొట్టిన అరుగు, దాని ముందు చక్కగా రెండు వరసల్లో నిలబడిన జనం, ఒక వరస మొదట్లో సాక్షాత్తూ తిరుపతయ్య. వాళ్లు ఇంకేమీ అడగలేదు. దించేశారు. తిరుపతయ్య చేతులు జోడించాడు. దిగిన స్వామిని లెమ్మని చెప్పే ధైర్యం పై వీధిలో కూడా ఎవరికీ లేదు.

హారతి అయ్యాక పెద్ద అర్చకులు చుట్టూ చూశారు. "ఈ ఇంటి యజమాని ఎవరు? స్వామి పెండ్లికి పిలుస్తున్నాడు, పేరు చెప్పండి."

"శ్రీలత, సామీ," అన్నది సరస్వతమ్మ కిటికీలోంచి. "మస్కట్‌లో ఉంది. ఫోన్‌లో ఉంది." అని రిసీవరును, వైరు సాగినంత మేర, ఊచల్లోంచి బయటికి చాచింది.

నెల రోజులుగా ఊళ్లు తిరుగుతున్న మనిషికి వింతలేముంటాయి. అర్చకులు రిసీవరు వైపు తిరిగి, "శ్రీలతమ్మా, స్వామి కల్యాణానికి తప్పకుండా రావాలి," అని అక్షతలు అరుగు మీద చల్లారు.

సరస్వతమ్మ రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంది. శ్రీలత గొంతు సన్నగా వినిపించింది.

"అక్కా... ఎవురు పిలిచింది?"

"దేవుడే."

"నిజంగానా?"

"నీతో నేనెప్పుడైనా అబద్ధం చెప్పినానా?" అన్నది సరస్వతమ్మ, రెండు వందల మంది గెస్టులను మర్చిపోయి.

పల్లకి లేచి పై వీధికి పోయింది. అక్కడా దిగింది. మధ్యాహ్నం తిరుపతయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖంలో మంట లేదు, కొత్త నియమం ఉంది. ఓడిపోయినా నియమం మాత్రం తన నోటి నుంచే రావాలని ఆయన పట్టుదల.

"ఒకతూరి దిగినాక ఇంగ ఏటా దిగాల. పై వీధిలో ఒకటి, ఈడ ఒకటి. మొదటి టెంకాయ ఇంటి యజమానే నిలబడి ఇయ్యాల. బదులు మనిషి పనికిరాడు. మస్కట్ కానీ, ఇంగేదన్నా కానీ."

ఈ మాటలు వింటూ గేటు దగ్గర కరుణాకర్ నిలబడి ఉన్నాడు. రేపు అడ్వాన్సు ఇవ్వబోయే ముందు ఇంకోసారి చూసుకుందామని వచ్చాడు. ఆకులో పెట్టిన ప్రసాదం పులిహోర చివరి మెతుకుదాకా తిని, చెయ్యి కడుక్కుని, సరస్వతమ్మ దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, నేను ఈడ సిమెంటు గోడౌను అనుకుంటి. దేవుడు దిగే తావులో లారీలు యాడ తిప్పేది? నన్నిడిసిపెట్టండి," అని దండం పెట్టి పోయాడు.

రెండింటికి శ్రీలత మళ్లీ ఫోన్ చేసింది. అప్పటికి వరండా కడిగి ఉంది. బిందెలు బోర్లించి ఉన్నాయి. ఇల్లంతా వెతికినా ఒక్క అరటి తొక్క లేదు.

"ఫోన్‌కు రాని ఆమె ఉంది చూడు, ఆమెనే పెట్టుకో అక్కా," అన్నది శ్రీలత. "నా పదకొండు ప్రశ్నలకూ జవాబులు నాకు కిటికీలోంచే వినపడినాయి."

రూతు ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. రిజిస్టరులో ఉన్న అరవై మూడు పేర్లనూ మహేశ్వరే తన చేత్తో కొట్టేయాలి. అతను కొట్టేశాడు. ఉద్యోగం రాలేదు గానీ, కింది వీధివాళ్లు అతనికి శాలువా కప్పి, వచ్చే ఏడు సున్నానికి తప్పకుండా రమ్మని మాట తీసుకున్నారు. మహేశ్వర్ ఆ శాలువాతోనే మహానంది బస్సెక్కాడు.

"కరుణాకర్ వద్దన్నాడా? పోనీలే," అన్నది శ్రీలత, ఆ ఫోన్ పెట్టేసే ముందు సంగతులన్నీ విని. "ఇంగ ప్రతి ఫిబ్రవరిలో సెలవు పెట్టాల నేను. దేవుడు పిలిచినాడంటే మా హెడ్‌మాస్టరు నమ్ముతాడో లేదో. మేలో ఎట్లాగూ వస్తాననుకో. అంటే ఏడాదికి రెండుసార్లక్కా!"

సరస్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆళ్లగడ్డలో బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికించుకుని, పొద్దుటి నుంచి మొదటిసారిగా దేనికీ భయపడకుండా కూర్చుంది. ఫిబ్రవరిలో శ్రీలత వస్తే ఏం వండాలో, మేలో వస్తే ఏం వండాలో దారి పొడుగునా ఆలోచించుకుంది.

ఏడాదికి రెండుసార్లు రావడమంటే, ఏడాదికి రెండుసార్లు వెళ్లిపోవడం కూడా అని బస్సు శిరివెళ్ల దాటాక గానీ ఆమెకు తట్టలేదు.